స్ట్రాషున్ వీధి, 6వ నంబరు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు ఫోన్ చేసినప్పుడు, అందరిలాగే బడి జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. రాయడానికి కూర్చుంటే ముందుగా గుర్తొచ్చింది లైబ్రరీ గది. ఒకే కిటికీ, నాలుగు చెక్క బీరువాలు, గోడవారన రెండు బల్లలు. పుస్తకం ఇచ్చే ముందు లైబ్రరీ సారు మన అరచేతులు చూసేవారు. మురికిగా ఉంటే బోరింగు దగ్గరికి పంపి, కడుక్కుని వచ్చాకే రిజిస్టరు తెరిచేవారు. పేజీ మడిచినవాడి మీద ఆయనకు కలిగే కోపం, లెక్క తప్పు చేసినవాడి మీద లెక్కల మాస్టారికి కూడా కలిగేది కాదు. ఆయన చలవో ఏమో, నేనూ ఆ వృత్తిలోకే వెళ్ళి, ముప్పై ఏళ్ళకు పైగా కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను.

రిటైరయ్యాక రెండో ప్రపంచ యుద్ధం గురించి చదువుతుంటే ఒకచోట ఒక లైబ్రరీ నిబంధనలు కనిపించాయి. పుస్తకాన్ని శుభ్రంగా ఉంచాలి. తింటూ చదవకూడదు. పుటల మీద రాయకూడదు, తడపకూడదు, మడవకూడదు, అట్ట విరిచేలా తెరవకూడదు. పాఠకుడికి అంటువ్యాధి సోకి ఉంటే పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఆ సంగతి లైబ్రేరియన్‌కు చెప్పాలి. అచ్చం మన సారే రాసినట్టున్నాయి. అవి 1941-43 మధ్య విల్నా నగరంలో, జర్మన్ల ఆక్రమణ కింద, యూదులను కుక్కి కాపలా పెట్టిన ఘెట్టోలోని లైబ్రరీ నిబంధనలు. వాటిని చదివి సరేనన్న పాఠకుల్లో చాలామందికి వచ్చే నెలకు బతికి ఉంటామన్న భరోసా లేదు. అలాంటిచోట పేజీ మడవకూడదని చెప్పడమేమిటని మొదట ఆశ్చర్యపోయాను. ఆ ఆశ్చర్యమే నన్ను ఆ చరిత్ర మొత్తం చదివించింది. ఈ వ్యాసం దాని గురించే.

విల్నా అంటే నేటి లిథువేనియా రాజధాని విల్నియస్. రెండు యుద్ధాల మధ్య అది పోలండులో ఉండేది. లిథువేనియా జెరూసలేం అని యూదులు ఆ ఊరికి పేరు పెట్టుకున్నారు. యుద్ధానికి ముందు అక్కడ దాదాపు 60 వేలమంది యూదులు ఉండేవారు. వాళ్ళ పెద్ద ప్రార్థనా మందిరం ఆవరణలోనే స్ట్రాషున్ గ్రంథాలయం ఉండేది. మత్తిత్యాహు స్ట్రాషున్ అనే పండితుడు తన సొంత పుస్తకాలను సమాజానికి రాసిచ్చి పోగా, 1892లో దాన్ని జనానికి తెరిచారు. మతగ్రంథాలు చదివే గడ్డాల పెద్దలూ, కొత్త నవలలు చదివే కుర్రకారూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవారట. దానికి తోడు 1925లో యివో అనే పరిశోధన సంస్థ వెలిసింది. యూదుల ఇంటిభాష యిద్దిష్. ఆ భాషలోని పాటలు, సామెతలు, కరపత్రాలు, ఉత్తరాలు, నాటకాల గోడపత్రాలు, ఏ ఊళ్ళో ఏది దొరికినా సేకరించి భద్రపరచడమే ఆ సంస్థ పని. పండితులు పట్టించుకోని వాడుకభాషకు అంత గౌరవం ఇచ్చారంటే తెలుగువాళ్ళం మనకు ఆ శ్రమ విలువ ఇట్టే అర్థమవుతుంది.

1941 జూన్ 24న జర్మన్ సైన్యం విల్నాలోకి వచ్చింది. సెప్టెంబరు 6న యూదులందరినీ పాతబస్తీలోని కొన్ని ఇరుకు వీధుల్లోకి తరిమి, చుట్టూ మూసేశారు. ఊరి బయట పొనారీ అనే అడవి ఉంది. అక్కడ గోతుల దగ్గర నిలబెట్టి కాల్చి చంపేవారు. ఆ ఏడాది చివరికి ఘెట్టోలో మిగిలినవారు సుమారు 20 వేలమంది.

హెర్మన్ క్రూక్ ఆ ఊరివాడు కాదు. 1897లో పోలండులో పుట్టి, వార్సాలో కార్మికుల కోసం నడిచిన పెద్ద లైబ్రరీకి అధిపతిగా పనిచేశాడు. 1939లో జర్మన్లు వార్సా మీద పడితే పారిపోయి విల్నా చేరాడు. రెండేళ్ళు తిరగకుండా జర్మన్లు అక్కడికీ వచ్చారు. మళ్ళీ మూటా ముల్లే సర్దుకుని పరుగెత్తే ఓపిక తనకు లేదని, ఉన్నచోటే ఉండి జరిగేదంతా రాసిపెడతానని నిశ్చయించుకున్నాడు. అలా మొదలైన దినచర్య మూడేళ్ళకు పైగా సాగింది.

ఘెట్టోలో స్ట్రాషున్ వీధి 6వ నంబరు భవనంలో అంతకుముందు నుంచీ ఒక గ్రంథాలయం ఉంది. పేరు కలవడమే గాని, ఇందాక చెప్పిన స్ట్రాషున్ గ్రంథాలయం వేరు, ఇది వేరు. జనం ఇంకా తలదాచుకునే మూల కోసం కొట్టుకుంటున్న ఆ మొదటి వారాల్లోనే క్రూక్ దీన్ని మళ్ళీ తెరిపించాడు. సుమారు 45 వేల పుస్తకాలు. ఖాళీ అయిన ఇళ్ళకు వెళ్ళి అక్కడ పడి ఉన్న పుస్తకాలనూ ఏరి తెచ్చేవారు. ఆ ఇళ్ళు ఎందుకు ఖాళీ అయ్యాయో అందరికీ తెలుసు. కొన్నాళ్ళకు చదువుకునే గది కూడా అమర్చారు. ఒక్కో గదిలో ఎన్నో కుటుంబాలు కిక్కిరిసిన ఘెట్టోలో, కుర్చీలో కూర్చుని నిశ్శబ్దంగా ఒక గంట గడపగలిగిన చోటు అదొక్కటే. కొందరు చదవడానికి వచ్చేవారు, కొందరు ఊరికే కూర్చోవడానికి వచ్చేవారు. క్రూక్ ఇద్దరినీ రానిచ్చాడు.

1941 అక్టోబరు 1 యూదులకు అతి పవిత్రమైన ఉపవాస దినం. ఆ రోజే ఘెట్టో మీద పడి వేలమందిని పట్టుకుపోయారు. మరునాడు లైబ్రరీ తలుపు తెరిస్తే, వందలమంది పాత పుస్తకం ఇచ్చి కొత్తది తీసుకుపోవడానికి వచ్చారు. క్రూక్ ఆ అంకె రాసి పెట్టుకున్నాడు. మనుషులు తగ్గుతున్నకొద్దీ పాఠకులు పెరగడం ఆయనకు అంతుపట్టలేదు. తర్వాత ఏడాది నివేదిక రాస్తూ కారణాలు వెతికాడు. చదవడం ఇక్కడ మత్తుమందులా పనిచేస్తోందని, ఆలోచించకుండా ఉండటానికి చదువుతున్నారని రాశాడు. ఎక్కువమంది అడిగేవి డిటెక్టివ్ కథలు, చవకబారు ప్రేమ నవలలు. లైబ్రేరియన్‌గా ఆయనకు ఇది నచ్చలేదు, ఆ అసంతృప్తిని దాచుకోనూ లేదు.

ఈ విషయంలో నేను క్రూక్ పక్షాన లేను. ఫిజిక్సు పుస్తకం మధ్యలో డిటెక్టివ్ నవల పెట్టుకుని చదివిన బ్యాచ్ మనది. రేపటి గురించి భయపడేవాడికి హంతకుడు ఆఖరి పేజీలో తప్పక దొరికిపోయే కథ కావాలనిపిస్తే అందులో తప్పేముంది? అయితే క్రూక్ ఇంకో రకం పాఠకులనూ గమనించాడు. వాళ్ళు టాల్‌స్టాయ్ 'యుద్ధము-శాంతి' అడిగేవారు, రెమార్క్ యుద్ధ నవల అడిగేవారు. అన్నిటికంటే ఎక్కువగా ఫ్రాంజ్ వెర్ఫెల్ రాసిన 'మూసా దాగ్ నలభై రోజులు' కోసం ఎదురుచూసేవారు. ఆర్మీనియన్ల ఊచకోత కాలంలో ఒక కొండెక్కి ఎదురుతిరిగిన గ్రామస్థుల కథ అది. మరచిపోవడానికి చదివేవాళ్ళూ, తమకు జరుగుతున్నదేమిటో తెలుసుకోవడానికి చదివేవాళ్ళూ ఒకే వరసలో నిలబడ్డారు.

ఆలస్యమైన పుస్తకాల లెక్క వేరే కథ. పుస్తకం తిరిగి రాలేదంటే పాఠకుడు బద్ధకించి ఉండవచ్చు, లేదా అతన్ని పొనారీకి తీసుకుపోయి ఉండవచ్చు. నా ఉద్యోగంలో ఏటా మార్చి నెలలో ఓవర్‌డ్యూ జాబితా తయారు చేసి నోటీసు బోర్డుకు అంటించేవాణ్ణి. ఆ లైబ్రరీలో అలాంటి జాబితా తయారు చేసే మనిషి ఎలా కూర్చుని ఉంటాడా అని ఇప్పటికీ అనుకుంటాను.

1942 డిసెంబరు 13, ఆదివారం. ఘెట్టో లైబ్రరీ నుంచి ఇచ్చిన పుస్తకాల సంఖ్య లక్షకు చేరిన సందర్భంగా ఘెట్టో నాటకశాలలో సభ జరిపారు. ఉపన్యాసాలు, సంగీతం. యిట్స్‌ఖోక్ రుదషెవ్‌స్కీ అనే పదిహేనేళ్ళ కుర్రాడు ఆ సభ సంగతి తన డైరీలో రాసుకున్నాడు. ఘెట్టోలోనూ బడి నడిచింది. ఆ పిల్లవాడికి చరిత్ర అంటే ఇష్టం, బడిలేని రోజంటే విసుగు. డైరీ నిండా ఆ బడి కబుర్లే. 1943 అక్టోబరులో కుటుంబంతో సహా అతన్ని పొనారీలో చంపేశారు. వాళ్ళు దాక్కున్న చోట, ప్రాణాలతో మిగిలిన ఒక బంధువు తర్వాత ఆ డైరీని కనుగొంది.

ఇక రెండో కథ. రోజెన్‌బర్గ్ అనే నాజీ నాయకుడి పేర ఒక ప్రత్యేక దళం ఉండేది. ఆక్రమించిన దేశాల్లో పుస్తకాలు, కళాఖండాలు దోచుకోవడం దాని పని. 1942 ఆరంభంలో ఆ దళం తరఫున యొహానెస్ పోల్ అనే డాక్టరు విల్నా వచ్చాడు. ఒకప్పుడు క్రైస్తవ మతగురువు. జెరూసలేంలో చదువుకున్నాడు, హీబ్రూ వచ్చు, బెర్లిన్‌లోని పెద్ద గ్రంథాలయంలో ఉద్యోగం చేశాడు. అంటే ఇతనూ లైబ్రేరియనే. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది. ఏ పుస్తకం ఎంత అరుదైనదో అతనికి బాగా తెలుసు. తెలుసు కనుకే అతన్ని పంపారు.

పోల్ పెట్టిన లెక్క ఇది: నూటికి 30కి మించకుండా మేలైన పుస్తకాలు ఏరి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని నాజీ సంస్థకు పంపాలి, మిగతావి కాగితం మిల్లుకు. యూదులను నిర్మూలించాక వాళ్ళను గురించి పరిశోధన చేయడానికి పెట్టిన సంస్థ అది. ఏరే పనికి యూదు పండితులనే నియమించాడు. యివో భవనం ఆ పనికి గోదాము అయింది. పర్యవేక్షణ క్రూక్‌కూ, యివోలోనే ఏళ్ళ తరబడి పనిచేసిన జెలిగ్ కల్మనోవిచ్ అనే పెద్దాయనకూ అప్పగించారు. సుట్స్‌కేవర్, కచెర్‌గిన్‌స్కీ అనే ఇద్దరు యువకవులు కూడా ఆ బృందంలో ఉన్నారు. అంతా కలిపి నలభై మంది వరకు. గేటు కాపలావాళ్ళు వీళ్ళకు వెటకారంగా కాగితాల దళం అని పేరు పెట్టారు. తోరా గ్రంథాల చర్మపత్రాల చుట్టలను తోళ్ళ ఫ్యాక్టరీకి అమ్మేశారు, బూట్ల అడుగులకు పనికొస్తాయని. తరతరాలుగా మతగ్రంథాలు అచ్చువేసిన రోమ్ ముద్రణాలయం సీసపు పలకలను కరిగించడానికి అమ్మేశారు. తాము ప్రాణంలా చూసుకున్న పుస్తకాలను చావుకు ఇన్ని, బతుకుకు ఇన్ని అని తామే పంచాలి. తాము రక్షకులమో కాటికాపరులమో తమకే తెలియడం లేదన్న బాధ క్రూక్ దినచర్యలో కనిపిస్తుంది.

అందుకే దొంగతనం మొదలుపెట్టారు. పగలు పని నెమ్మదిగా సాగించేవారు. జర్మన్ అధికారి భోజనానికి వెళ్ళగానే అరుదైన కాగితాలు పక్కకు తీసేవారు. సాయంత్రం ఘెట్టోకు తిరిగి వెళ్ళేటప్పుడు వాటిని చొక్కాల కింద, నడుముకు చుట్టుకుని తీసుకుపోయేవారు. గేటు దగ్గర సోదా ఉంటుంది. కాపలా ఎవరిదన్నది ముందే ఆరా తీసేవారు. తెలిసిన ఘెట్టో పోలీసైతే చూసీ చూడనట్టు వదిలేసేవాడు. జర్మన్ అధికారి స్వయంగా నిలబడి ఉంటే వెనక్కి తిరగాలి, లేదా ప్రాణాలకు తెగించి ముందుకు పోవాలి. పొయ్యిలోకి చిత్తు కాగితాలు తీసుకుపోతానని సుట్స్‌కేవర్ ఒకసారి జర్మన్ అధికారి నుంచే రాతపూర్వక అనుమతి సంపాదించాడు. ఆ చీటీ చూపించి తీసుకుపోయిన చిత్తు కాగితాల్లో టాల్‌స్టాయ్, గోర్కీ, షోలెం అలైఖెం వంటివారి చేతిరాతలు ఉన్నాయి. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆ వెంటనే, పట్టుబడితే ఏమయ్యేదో గుర్తొచ్చి ఆగిపోతుంది.

తెచ్చిన వాటిని గోడల్లో, నేలమాళిగల్లో, ఒక ఇంజనీరు తవ్వించిన లోతైన రహస్య గదిలో దాచారు. కొన్నిటిని యివో భవనం అటకమీదే, దూలాల సందుల్లో పెట్టారు. ఘెట్టోలో కొందరు వీళ్ళను పిచ్చివాళ్ళుగా చూశారు. పిల్లలు ఆకలితో ఉంటే చొక్కా కింద బంగాళాదుంపలు తేవాలి గాని కాగితాలేమిటి? ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కడుపు నిండినవాళ్ళం మనం దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. పుస్తకాలేమీ చెట్లకు కాయవని కల్మనోవిచ్ బదులిచ్చాడట. అదే గేటు గుండా ఈ దళంలోని వారే కొందరు తుపాకుల విడిభాగాలు కూడా తెచ్చారన్నది వేరే సంగతి.

కల్మనోవిచ్‌కు మాత్రం దొంగచాటుగా దాచడంకన్నా వీలైనన్ని పుస్తకాలు జర్మనీకి పోవడమే మేలనిపించేది. ఈ ఊళ్ళో ఏదీ మిగలదు, జర్మనీ ఎలాగూ ఓడిపోతుంది, అప్పుడు అక్కడున్నవి దొరుకుతాయి అని ఆయన లెక్క. కవులిద్దరూ దీనికి ఒప్పుకోలేదు. శత్రువు చేతికి మనమే అందించడమేమిటన్నారు. ఎవరి మాట నిజమైందో చివర్లో చెబుతాను.

ఘెట్టో గోడకు అవతల కూడా ఒక లైబ్రేరియన్ ఉంది. ఓనా షిమైతే, విల్నియస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన లిథువేనియన్ మహిళ, యూదురాలు కాదు. ఘెట్టోలోకి బయటివాళ్ళకు ప్రవేశం లేదు. యూదు విద్యార్థులు మా లైబ్రరీ పుస్తకాలు తిరిగివ్వలేదు, వసూలు చేసుకురావాలి అని ఆమె అనుమతి సంపాదించింది. ఓవర్‌డ్యూ పుస్తకాల పేరుతో లోపలికి వెళ్ళి, రొట్టె, ఉత్తరాలు అందించేది. వచ్చేటప్పుడు రాతప్రతులు బయటికి తెచ్చి దాచేది. 1944లో గెస్టపో ఆమెను పట్టుకుని చిత్రహింసలు పెట్టింది. డాకౌకు, తర్వాత ఫ్రాన్సులోని శిబిరానికి పంపింది. బతికి బయటపడి, పారిస్‌లో ఉంటూ 1970లో కన్నుమూసింది.

1943 సెప్టెంబరు 23న ఘెట్టోను పూర్తిగా ఖాళీ చేయించారు. అంతకు కొద్దిరోజుల ముందే కవులిద్దరూ అడవిలోని గెరిల్లాల్లో కలిశారు. కల్మనోవిచ్‌ను, క్రూక్‌ను ఎస్తోనియాలోని వెట్టిచాకిరి శిబిరాలకు పంపారు. కల్మనోవిచ్ అక్కడే చనిపోయాడు. క్రూక్ శిబిరంలోనూ చిన్న చిన్న నోటు పుస్తకాల్లో రాస్తూనే ఉన్నాడు. 1944 సెప్టెంబరు 17న, లగేది అనే చోట, ఆరుగురిని సాక్షులుగా పెట్టుకుని వాటిని మట్టిలో పాతిపెట్టాడు. మరునాడు ఆయనను, తక్కిన ఖైదీలను కాల్చి చంపి, శవాలను తగలబెట్టారు. ఆ మరునాడు సోవియట్ సైన్యం వచ్చింది. ఆ ఆరుగురిలో బతికిన ఒక్కడు తిరిగి వచ్చి, గుర్తుపెట్టుకున్న చోట తవ్వి వాటిని బయటికి తీశాడు. విల్నాలో దాచిన భాగాలతో కలిపి ఆ దినచర్య 1961లో యిద్దిష్‌లో పుస్తకంగా వచ్చింది. సాక్షులను పెట్టుకుని మరీ పాతిపెట్టడం చూస్తే, స్టాకు రిజిస్టరు అప్పగించేటప్పుడు ఇద్దరి చేత సంతకం చేయించే మా వృత్తి అలవాటు గుర్తొచ్చింది నాకు.

1944 జూలైలో విల్నా విముక్తి కాగానే సుట్స్‌కేవర్, కచెర్‌గిన్‌స్కీ వెనక్కి వచ్చారు. యివో భవనం కాలి కూలిపోయి ఉంది. అటకమీద దాచినవన్నీ పోయాయి. భూమిలో దాచినవి చాలావరకు దొరికాయి. వాటితో స్ట్రాషున్ వీధి 6వ నంబరులోనే, ఒకనాటి ఘెట్టో లైబ్రరీ భవనంలో, మ్యూజియం పెట్టారు. అయితే కొత్త సోవియట్ ప్రభుత్వానికీ ఈ కాగితాలు పట్టలేదు. టన్నులకొద్దీ చెత్తగా లెక్కగట్టి మళ్ళీ మిల్లుకు తోలించింది. దాంతో వాళ్ళు తాము దాచి కాపాడిన కాగితాలనే మరోసారి దొంగచాటుగా దేశం దాటించి, తామూ వెళ్ళిపోయారు. 1949లో మ్యూజియం మూతపడింది. మిగిలినదాన్ని లిథువేనియా గ్రంథ సంస్థ అధిపతి అంతానాస్ ఉల్పిస్ తన గోదాముగా ఉన్న పాత చర్చిలోకి చేర్చి, ఇతర కాగితాల గుట్టల్లో కలిపేసి, ఎవరికీ చెప్పకుండా ఉంచాడు. ఆయన 1981లో పోయాడు. 1980ల చివర్లో అవి వెలుగులోకి వచ్చాయి. 2017లో మరో 1,70,000 పుటలు బయటపడ్డాయి.

మరి జర్మనీకి పోయినవో? కల్మనోవిచ్ లెక్క తప్పలేదు. యుద్ధం ముగిశాక అమెరికన్ సైన్యం ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఆ దోపిడీ సొత్తును కనుగొని, ఒఫెన్‌బాక్ పట్టణంలోని గోదాముకు తరలించింది. అప్పటికే న్యూయార్క్‌కు మారిన యివో సంస్థకు 1947లో వందల పెట్టెల్లో అవి చేరాయి. కవులు దాచినవీ మిగిలాయి, పెద్దాయన పంపినవీ మిగిలాయి. ఏ ఒక్కరి మాటే నెగ్గి ఉన్నా సగం పోయేవే.

ఆ పెట్టెలు న్యూయార్క్ చేరేనాటికి యివో లైబ్రరీలో దీనా అబ్రమొవిచ్ అనే విల్నా అమ్మాయి ఉద్యోగానికి చేరి ఉంది. ఘెట్టో లైబ్రరీలో క్రూక్ కింద పనిచేసి, ఘెట్టో ఖాళీ చేయించే రోజున తప్పించుకుని అడవి చేరి బతికిన మనిషి. తర్వాత ఆ లైబ్రరీకే అధిపతి అయింది. ఆ పదవి దిగాక కూడా, వచ్చినవాళ్ళకు కావలసిన పుస్తకం వెతికి ఇచ్చే బల్ల దగ్గర, 2000లో చనిపోయేవరకు పనిచేస్తూనే ఉంది.